టైప్ 3 పేలుడుకి తోక ఎందుకింత పొడుగు? తప్పు నా రిసీవర్‌దా, సూర్యుడిదా?

డాబా_యాంటెన్నా (మౌలాలి) · ఆదివారం, మధ్యాహ్నం 1:10

అందరికీ నమస్కారం. మా డాబా మీద 20.1 మెగాహెర్ట్జ్‌కి డైపోల్ (తీగ యాంటెన్నా) కట్టి ఆరు నెలలవుతోంది. ఔత్సాహికుల రేడియో ఖగోళ ప్రాజెక్టు రేడియో జోవ్ వాళ్లు చెప్పిన కొలతలే, 23 అడుగుల రాగి తీగ, కింద గదిలో ఫ్రీక్వెన్సీని పైకి జరిపే అప్‌కన్వర్టర్, ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కి గుచ్చే రేడియో రిసీవర్), ఎవరికీ అక్కర్లేని ఒక పాత ల్యాప్‌టాప్. ఇన్నాళ్లూ పక్క అపార్ట్‌మెంట్ లిఫ్టు శబ్దం, మా ఇన్వర్టర్ శబ్దం తప్ప ఏమీ పట్టలేదు కానీ నిన్న పొద్దున 11:20 ప్రాంతంలో మాత్రం అసలైన సూర్యుడు దొరికాడనుకుంటున్నా.

నా అనుమానం ఇది. గ్రాఫ్ రెండు సెకన్లలో నిట్టనిలువుగా లేచింది, దిగడం మాత్రం ఎడ్లబండిలా పది పన్నెండు సెకన్లు పట్టింది. టైప్ 3 రేడియో పేలుడు అంటే సూర్యుడి నుంచి ఎలక్ట్రాన్ల గుంపు కాంతి వేగంలో మూడో వంతు దాకా వేగంతో బయటికి దూసుకొస్తూ దారిలో ఉన్న ప్లాస్మాని (ఎలక్ట్రాన్లు విడిపోయిన వేడి వాయువుని) మోగించడం అని చదివాను. అంత వేగంగా పోయే గుంపు ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర క్షణం సేపే కదా ఉండాలి, మరి ఈ తోక ఎక్కడిది? నా సెటప్‌లో ఏదో లోపం ఉందని టెన్షన్‌గా ఉంది.

చారి_సర్క్యూట్ (కోఠి) · ఆదివారం, 1:42

తమ్ముడూ, మొదట ఒక్క మాట చెప్పు. ఏజీసీ, అదే గెయిన్‌ని (సిగ్నల్‌ని పెంచే మోతాదుని) తనంతట తానే సర్దే ఏర్పాటు, ఆఫ్ చేశావా లేదా? అది ఆన్‌లో ఉంటే పెద్ద సిగ్నల్ రాగానే రిసీవర్ తనంతట తానే గెయిన్ తగ్గించుకుంటది, శిఖరం అణిగిపోయి చదునైతది, చూస్తే పేలుడు వెడల్పుగా ఉన్నట్టు కనబడతది. ఇంకో గుర్తు కూడా ఉంటది, పేలుడు అయిపోయాక గెయిన్ వెంటనే పైకి రాదు కాబట్టి గీత మామూలు మట్టం కంటే కిందికి పడి ఒక గుంట చేసి నెమ్మదిగా లేస్తది. నీ గ్రాఫ్‌లో గుంట ఉందా?

నల్లకుంట_నరేష్ · ఆదివారం, 2:05

అది సూర్యుడే అని ఎలా తేల్చారు? మెరుపు అయితే చిటపటమని వెంటనే పోతుంది కాబట్టి అది కాదనుకుందాం. కానీ 20 మెగాహెర్ట్జ్ అంటే మన అయనోస్ఫియర్ (వాతావరణం పైనున్న విద్యుదావేశపు పొర) బాగా చెయ్యి పెట్టే చోటు. పట్టపగలు, పైగా మన అక్షాంశంలో, చాలా సిగ్నల్ అక్కడ వంగుతుంది. తోక అయనోస్ఫియర్‌దే అని నా ఓటు. ముందు ఊటీ, గౌరీబిదనూరుల్లో సూర్యుడిని వినే కాలిస్టో రేడియో పరికరాల స్పెక్ట్రమ్‌లతో సమయం పోల్చి చూడండి, ఆ తర్వాత సూర్యుడి గురించి మాట్లాడుకుందాం.

డాబా_యాంటెన్నా · ఆదివారం, 4:30

చారి అన్నా, గుంట ఉంది. సిగ్గుగా ఉంది, ఏజీసీ ఆన్‌లోనే ఉంది, ఇప్పుడే ఆఫ్ చేశా.

నరేష్ గారూ, కాలిస్టో ఫైళ్లు తీశాను. మొదట గంటసేపు వెతికినా 11:20కి ఏమీ కనబడలేదు, నాదంతా భ్రమేనేమో అని యాంటెన్నా విప్పేద్దామనుకున్నా. తర్వాత వెలిగింది, వాళ్ల టైమ్ యూటీలో (అంతర్జాతీయ సమయంలో) ఉంది, నాది మన టైమ్. ఐదున్నర గంటలు తీసేసి 5:50 దగ్గర చూస్తే ఖచ్చితంగా ఉంది, పైనుంచి కిందికి జారిన గీత, టైప్ 3 అని చూడగానే తెలిసిపోతోంది. అంటే సూర్యుడే. తోక మాత్రం ఇంకా తేలలేదు.

మాస్టారు_మల్కాజిగిరి · ఆదివారం, రాత్రి 8:15

బాబూ, ఆ తోక గురించి నాకు తెలిసినంత చెప్తాను, మిగతాది ఇక్కడ చదువుకుంటున్న పిల్లలు సరిదిద్దుతారు.

ప్లాస్మాకి ఒక సొంత ఫ్రీక్వెన్సీ ఉంటుంది. ఘన సెంటీమీటరుకి ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో దాని వర్గమూలం తీసి తొమ్మిదితో గుణిస్తే కిలోహెర్ట్జ్‌లో వస్తుంది. నీ 20.1 మెగాహెర్ట్జ్‌కి లెక్క కడితే ఘన సెంటీమీటరుకి 50 లక్షల ఎలక్ట్రాన్లు. సూర్యుడి చుట్టూ ఏ ఎత్తున ఎంత సాంద్రతో చెప్పే 1961 నాటి న్యూకిర్క్ నమూనా ప్రకారం అంత సాంద్రత సూర్య కేంద్రం నుంచి రెండు సౌర వ్యాసార్ధాలకి కాస్త పైన ఉంటుంది. అంటే నీ సిగ్నల్ సూర్యుడి ఉపరితలం మీద కాదు, దాని చుట్టూ ఉండే పలచటి కరోనాలో పుట్టింది. ఎలక్ట్రాన్ల గుంపు పైకి పోయే కొద్దీ సాంద్రత తగ్గుతుంది, ఫ్రీక్వెన్సీ జారుతుంది, నువ్వు స్పెక్ట్రమ్‌లో చూసిన వాలు అదే.

ఇక తోక. ఖాళీ ఫంక్షన్ హాల్లో ఒక్క చప్పట్లు కొట్టి చూడు, బయట గ్రౌండ్‌లో కొట్టి చూడు. చెయ్యి అదే, చప్పుడూ అదే. హాల్లో మాత్రం మోత మిగిలిపోతుంది, ఎందుకంటే నేరుగా వచ్చిన శబ్దం వెనకాలే గోడలకి తగిలి చుట్టు తిరిగి వచ్చినవి ఆలస్యంగా చేరుతుంటాయి. కరోనా కూడా అలాంటి హాలే, కాకపోతే గోడలకి బదులు సాంద్రతలో ఎగుడుదిగుడులు, సుడులు. రేడియో తరంగం వాటి మధ్య వంకరలు తిరుగుతూ బయటపడుతుంది. పుట్టడం ఒక్కసారే పుట్టినా చేరడం విడతలుగా చేరుతుంది. ఏజీసీ నీ తోకని పెంచి ఉండొచ్చు, కానీ అది లేకపోయినా తోక ఉంటుంది.

పాతబస్తీ_ఫోటాన్ · ఆదివారం, 9:02

మాస్టారూ, మా అమ్మ నేను ఫోన్‌లో ఇది పైకి చదువుతుంటే వంటింట్లోంచి "మళ్ళీ కరోనానా?" అని పరిగెత్తుకొచ్చింది. సూర్యుడి కిరీటం అమ్మా అని చెప్పేసరికి తాతలు దిగొచ్చారు.

ఒక డౌట్. అద్దంలా, గాలిలా పారదర్శకంగా ఉన్న కరోనా మామూలు కాంతిని ఏమీ చెయ్యదు, గ్రహణం అప్పుడు అంత సన్నటి గీతలు ఫోటోల్లో పడతాయి. రేడియోని మాత్రం ఎందుకిలా చెదరగొడుతుంది?

విశాల_ప్లాస్మా · సోమవారం, పొద్దున 7:20

ఇది నా పీహెచ్‌డీకి దగ్గరి విషయం కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, తార్నాకలో పెరిగి ఇప్పుడు బయట ఉంటున్నా, ఇలాంటి థ్రెడ్ తెలుగులో దొరకడమే అరుదు.

ఫోటాన్ గారి ప్రశ్నే అసలు కీలకం. ప్లాస్మాలో వక్రీభవన గుణకం (తరంగం ఎంత వంగుతుందో తేల్చే సంఖ్య) ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది, ఒకటిలోంచి ప్లాస్మా ఫ్రీక్వెన్సీకీ మీ ఫ్రీక్వెన్సీకీ ఉన్న నిష్పత్తి వర్గాన్ని తీసేసి వర్గమూలం తీస్తే వస్తుంది. కాంతికి ఆ నిష్పత్తి దాదాపు సున్నా, కాబట్టి గుణకం ఒకటే, కరోనా ఉందో లేదో దానికి పట్టదు. టైప్ 3 ఫండమెంటల్ (మూల స్వరం) మాత్రం సరిగ్గా ప్లాస్మా ఫ్రీక్వెన్సీ పక్కనే పుడుతుంది, అక్కడ గుణకం సున్నాకి దగ్గర, సాంద్రతలో కొద్ది శాతం తేడా వచ్చినా తరంగం దిక్కే మారిపోతుంది. అదే హార్మోనిక్ అయితే, అంటే ప్లాస్మా ఫ్రీక్వెన్సీకి రెట్టింపు దగ్గర పుడితే, గుణకం పుట్టినచోటే 0.87 దాకా ఉంటుంది కాబట్టి దెబ్బ తక్కువ. ఇంకో సంగతి, గుణకం సున్నాకి దగ్గరైతే తరంగం ముందుకి కదలడం కూడా నత్తనడకే, మాస్టారు చెప్పిన హాల్లో శబ్దం గోడ దగ్గర చిక్కుకుపోయినట్టు.

ఇది ఊహ కాదు అని గట్టిగా చూపించింది యూరప్‌లోని లోఫార్ టెలిస్కోప్. 2015 ఏప్రిల్ 16న టైప్ 3బి రకం పేలుడొకటి పట్టుకున్నారు, 2017లో కొంటార్ బృందం అచ్చేసింది. ఈ రకంలో మామూలు జారుడు గీత ముక్కలు ముక్కలుగా, సన్నటి గీతల దొంతరలా ఉంటుంది. ఒక్కో గీత 32 మెగాహెర్ట్జ్ దగ్గర 100 కిలోహెర్ట్జ్ వెడల్పు కూడా మించదు. ఇక్కడ కాగితం మీద లెక్క కట్టండి, ఫ్రీక్వెన్సీలో 0.3 శాతం తేడా అంటే సాంద్రతలో 0.6 శాతం, కరోనాలో ఆ ఎత్తున సాంద్రత అంత మారడానికి సుమారు రెండు వేల కిలోమీటర్లు చాలు. మన దగ్గర్నుంచి చూస్తే మూడు ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 60వ వంతు ఆర్క్ నిమిషం, అందులో 60వ వంతు ఆర్క్ సెకను). మరి రేడియో ఫోటోలో ఎంత కనబడింది? ఇరవై ఆర్క్ నిమిషాల చుట్టూ! సూర్యుడి బింబం మొత్తం 32 ఆర్క్ నిమిషాలు. ఆవగింజ పెట్టి చూస్తే గుమ్మడికాయ కనబడినట్టు. పైగా ఆ మచ్చ సెకను లోపే ఉబ్బుతూ, సూర్యుడికి దూరంగా జరుగుతూ పోయింది. ఏ పదార్థమూ అంత వేగంగా ఉబ్బదు, చెదిరిన తరంగాలు ఆలస్యంగా, పక్కదారుల నుంచి వచ్చి చేరడమే.

కాబట్టి డాబా గారూ, మీరు పట్టింది పేలుడు ఒక్కటే కాదు, పేలుడూ దానికి కరోనా చేసిన గందరగోళమూ కలిపి. 20 మెగాహెర్ట్జ్‌కి శిఖరం నుంచి మూడో వంతుకి పడటానికి నాలుగు సెకన్ల చుట్టూ రావాలి. ఏజీసీ ఆఫ్ చేశాక వచ్చిన దాన్ని కొలిచి చెప్పండి.

నల్లకుంట_నరేష్ · సోమవారం, 10:48

లోఫార్ కూడా భూమ్మీదే ఉంది కదండీ, అయనోస్ఫియర్ కిందే. 32 మెగాహెర్ట్జ్ దగ్గర అది బొమ్మని జరపదా? అన్నీ కరోనా నెత్తిన రుద్దడం నాకు రుచించడం లేదు.

విశాల_ప్లాస్మా · సోమవారం, 1:30

జరుపుతుంది, మీరన్నది నిజమే, వాళ్లు దాన్ని విడిగా లెక్కలోకి తీసుకుంటారు. కానీ అయనోస్ఫియర్ తప్పు కాదనడానికి గట్టి సాక్ష్యం దానికి పైన ఉంది. 1994 నుంచి విండ్, 2006 నుంచి స్టీరియో, 2018లో వెళ్లిన పార్కర్ సోలార్ ప్రోబ్, ఈ అంతరిక్ష నౌకలన్నీ అయనోస్ఫియర్ బయటే తిరుగుతూ ఇవే పేలుళ్లు వింటున్నాయి. తోక వాటికీ ఉంది. ఫ్రీక్వెన్సీ తగ్గే కొద్దీ ఇంకా సాగుతుంది, 1 మెగాహెర్ట్జ్ దగ్గర నిమిషం పైమాటే, 100 కిలోహెర్ట్జ్ దగ్గర పది నిమిషాలు. మూలం పరిమాణం కూడా అంతే, 1 మెగాహెర్ట్జ్‌కి పది డిగ్రీల పైన. ఆకాశంలో అంత పెద్ద మంట ఉండదు కదా.

నల్లకుంట_నరేష్ · సోమవారం, 1:55

సరే, ఇది ఒప్పుకోక తప్పదు. కానీ 20 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక జాగ్రత్త మాత్రం రాసి పెట్టుకోండి. పెద్ద సౌర జ్వాల వస్తే దాని ఎక్స్ కిరణాలు అయనోస్ఫియర్ కింది పొరని మందం చేస్తాయి, అప్పుడు షార్ట్‌వేవ్ అంతా మింగుడు పడిపోతుంది. గ్రాఫ్ పైకి లేవాల్సింది కిందికి పడుతుంది. నాకు 2024 మే తుఫాను రోజుల్లో రెండుసార్లు బ్యాండ్ మొత్తం మూగబోయింది, రేడియో పాడైందనుకుని కేబుల్ మార్చా, డబ్బు దండగ.

చారి_సర్క్యూట్ · సోమవారం, 6:10

కేబుల్ నా షాపులోనే కొన్నవు, దండగ అనకు అన్నా.

విశాల చెల్లెమ్మా, ఒక మాట. హాల్లో మోత అంటే అన్ని దిక్కులకీ సమానంగా చెదరాలి కదా. సూర్యుడి దగ్గర అయస్కాంత గీతలుంటాయి, ప్లాస్మా వాటిని పట్టుకుని దారాల్లా సాగుతది. అప్పుడు చెదరడం కూడా ఒక దిక్కుకే ఎక్కువ ఉండాలి కదా?

విశాల_ప్లాస్మా · సోమవారం, 6:52

అన్నా, మీరు రిపేరు షాపు మూసేసి వచ్చి మా ల్యాబ్‌లో చేరండి. సరిగ్గా అదే గొడవ 2019లో తేలింది. అన్ని దిక్కులకీ సమానం అనుకుని సిమ్యులేషన్ చేస్తే, పరిమాణం సరిపోయేంత చెదరగొడితే తోక మరీ పొడుగవుతోంది, తోక సరిపెడితే పరిమాణం చాలడం లేదు. సుడులు అయస్కాంత గీతల వెంట సాగి ఉన్నాయని, అడ్డంగా చెదరడం ఎక్కువ, నిలువుగా తక్కువ అని పెడితేనే రెండూ ఒకేసారి కుదిరాయి. సుడుల అడ్డం కొలత నిలువు కొలతలో మూడో వంతు చుట్టూ ఉండాలి.

పాతబస్తీ_ఫోటాన్ · సోమవారం, 9:20

ఆగండాగండి, ఇది నాకు తెలుసు! నా హెల్మెట్ అద్దాన్ని నాలుగేళ్లుగా చొక్కా అంచుతో అడ్డంగా తుడిచి తుడిచి సన్నటి గీతలు పడ్డాయి. రాత్రిపూట నయాపూల్ మీద ఎదురుగా లారీ వస్తే దాని హెడ్‌లైటు నిలువుగా పైకీ కిందికీ బారెడు సాగుతుంది, పక్కలకి అసలు సాగదు. గీతలు అడ్డంగా ఉంటే వెలుగు నిలువుగా. కరోనాలో దారాలు సూర్యుడి నుంచి బయటికి నిలువుగా ఉంటే వెలుగు అడ్డంగా సాగాలి. కరెక్టేనా?

మాస్టారు_మల్కాజిగిరి · సోమవారం, 9:41

నా ఫంక్షన్ హాలు కంటే ఈ హెల్మెట్ మెరుగు, ఒప్పుకుంటున్నాను. కానీ నాయనా, ముందు ఆ అద్దం మార్చు.

విశాల_ప్లాస్మా · సోమవారం, 10:15

ఫోటాన్ గారూ, నూటికి నూరు. రేపు మా గ్రూప్ మీటింగ్‌లో మీ హెల్మెట్ కథే చెప్తాను.

దీనివల్ల ఇంకో గందరగోళం కూడా ఉంది. చెదిరిన మూలం అసలు చోటు కంటే పైకి జరిగి కనబడుతుంది. పాత రోజుల్లో ఆ ఎత్తు నిజమని నమ్మి, "కరోనా సాంద్రత న్యూకిర్క్ చెప్పిన దానికి రెండింతలు, నాలుగింతలు ఉంది కాబోలు" అని నమూనాని గుణించుకుంటూ పోయారు. చాలావరకు పెరిగింది సాంద్రత కాదు, జరిగింది బొమ్మ. టైప్ 2లో కూడా ఇదే కథ. షాక్ తరంగం వల్ల వచ్చే ఆ పేలుళ్లలో ఒక్కో పట్టీ రెండుగా చీలి కనబడుతుంది, ఫోటో తీస్తే రెండు పట్టీల మూలాలు వేరువేరు చోట్ల ఉన్నట్టు వచ్చాయి, ఒకటి షాక్‌కి ముందు, ఒకటి వెనకా అన్న వివరణకి అది ఇబ్బంది. 2018లో చెదరడం వల్ల వచ్చే జరుగుడుని సరిచేసి చూస్తే రెండూ దాదాపు ఒకేచోటికి వచ్చాయి. సౌర తుఫాను ఎంత వేగంతో వస్తోందో టైప్ 2 వాలుని బట్టి అంచనా వేసేవాళ్లు ఉన్నారు, వాళ్లకి సాంద్రత నమూనా తప్పితే వేగమూ తప్పుతుంది.

నల్లకుంట_నరేష్ · మంగళవారం, 8:00

అయితే భూమ్మీద ఎంత పెద్ద టెలిస్కోప్ కట్టినా సన్నటి వివరం దొరకదన్నమాట. నారాయణగావ్ దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్‌కి 45 మీటర్ల డిష్‌లు ముప్పై ఉన్నాయి, అవన్నీ సూర్యుడి వైపు తిప్పి లాభమేంటి?

విశాల_ప్లాస్మా · మంగళవారం, 8:35

అంత నిరాశ వద్దు. ఫ్రీక్వెన్సీ పెరిగితే చెదరడం తగ్గుతుంది. జీఎంఆర్‌టీని ఫ్రాన్స్‌లోని నాన్సే రేడియోహీలియోగ్రాఫ్‌తో కలిపి 327 మెగాహెర్ట్జ్ దగ్గర నాయిస్ స్టార్మ్‌లని (గంటల తరబడి సాగే సౌర రేడియో గోలని) చూస్తే అర ఆర్క్ నిమిషం చుట్టూ ఉన్న ముక్కలు దొరికాయి. దాన్నిబట్టి చెదరడం ఇంతకు మించి ఉండకూడదు అని ఒక హద్దు పడింది. నిజానికి కొందరు సిద్ధాంతకర్తలు వేసిన అంచనా కంటే అది చిన్నది, వాళ్లకి మింగుడు పడలేదు.

మాస్టారు_మల్కాజిగిరి · మంగళవారం, రాత్రి 7:30

కరోనాలోని ఆ అల్లకల్లోలమే కొలతబద్ద కూడా అవుతుందని ఎవరూ అనలేదు, నేనంటాను. ఏటా జూన్ మధ్యలో సూర్యుడు వృషభ రాశిలోని క్రాబ్ నెబ్యులా పక్కనుంచి పోతాడు, ఐదు సౌర వ్యాసార్ధాల దూరం దాకా వస్తాడు. క్రాబ్ అక్కడే ఉంది, మారలేదు, కానీ దాని రేడియో బొమ్మ ఆ రోజుల్లో ఉబ్బుతుంది. ఎంత ఉబ్బిందో చూసి మధ్యలో కరోనా ఎంత కలతగా ఉందో చెప్పొచ్చు. 1950లలోనే కేంబ్రిడ్జ్‌లో హ్యూయిష్, సోవియట్ యూనియన్‌లో విట్కెవిచ్ ఇది చేశారు, మన గౌరీబిదనూరు వాళ్లూ చేశారు. ఊటీలో గోవింద్ స్వరూప్ గారు కొండ వాలు మీద కట్టించిన 530 మీటర్ల టెలిస్కోప్ అయితే దూరపు మూలాల మినుకుమినుకుని చూసి సౌర పవనాన్ని కొలుస్తుంది. ఆయన కుర్రతనంలో అమెరికాలో మాక్స్‌వెల్‌తో కలిసి యూ ఆకారపు పేలుళ్లని గుర్తించారు, 1958లో. ఎలక్ట్రాన్లు పైకి పోయి అయస్కాంత కమాను మీదుగా మళ్ళీ కిందికి దిగితే స్పెక్ట్రమ్‌లో తలకిందుల యూ వస్తుంది. డాబా బాబూ, అలాంటిది నీకు పడితే నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా ఫర్వాలేదు. సూర్యుడు అర్ధరాత్రి ఉండడనుకో.

డాబా_యాంటెన్నా · శనివారం, సాయంత్రం 5:15

ఈ వారం అంతా ఏజీసీ లేకుండా నడిపాను. బుధవారం ఒక్క రోజే మూడు టైప్ 3లు పడ్డాయి. చారి అన్న చెప్పిన గుంట మాయం, శిఖరాలు సన్నబడ్డాయి. కానీ తోక పోలేదు! శిఖరం నుంచి మూడో వంతుకి దిగడానికి మొదటిదానికి 4.5 సెకన్లు, రెండోదానికి 5, మూడోదానికి 4.4. నన్ను ఆశ్చర్యపరిచింది ఏంటంటే మూడింటి బలం వేరు, మూడోది మొదటిదానికి నాలుగు రెట్లు పెద్దది, అయినా దిగే తీరు మాత్రం ఒక్కటే.

విశాల_ప్లాస్మా · శనివారం, 5:50

అద్భుతం! పేలుళ్లు మూడు, తోక ఒకటే అంటే అది పేలుడుది కాదు, దారిది. పూర్తిగా అని మాత్రం రాసుకోకండి, గుంపులో కొన్ని ఎలక్ట్రాన్లు వేగంగా, కొన్ని నెమ్మదిగా వెళ్తాయి కాబట్టి పుట్టడానికే కొంత సమయం పడుతుంది, మీ 4.4కీ 5కీ మధ్య తేడాలో దానికీ వాటా ఉంటుంది. ఒకప్పుడు ఈ తోకని ఎలక్ట్రాన్లు ఢీకొనడం వల్ల ప్లాస్మా మోత అణిగిపోయే సమయం అనుకుని దాని నుంచి కరోనా ఉష్ణోగ్రత కూడా లాగారు. ఇప్పుడెవరూ అలా లాగరు. ఒక పని చెయ్యగలరా, 25 మెగాహెర్ట్జ్‌కి కూడా ఇంకో డైపోల్ కట్టి ఒకే పేలుడుని రెండింటిలో కొలవండి, ఫ్రీక్వెన్సీ పెరిగితే తోక అదే నిష్పత్తిలో తగ్గాలి. 4.5 అక్కడ 3.6 అవ్వాలి.

డాబా_యాంటెన్నా · శనివారం, 6:20

కట్టగలను, స్థలమే సమస్య. మొదటి తీగ మీదే అమ్మ తడి టవల్ ఆరేసింది, గురువారం డేటా అంతా టవల్. ఇప్పుడు ఎండాకాలం వడియాలు పెట్టే చోటు రెండో డైపోల్‌కి కావాలి.

చారి_సర్క్యూట్ · శనివారం, 6:31

అమ్మకి చెప్పు, వడియాలకీ సూర్యుడే కావాలి, నీకూ సూర్యుడే కావాలి, పంచుకోండని. 25కి తీగ పద్దెనిమిదిన్నర అడుగులు కొయ్యి, కొంచెం ఎక్కువే కొయ్యి, తర్వాత కత్తిరించుకోవచ్చు. కనెక్టర్లు నా దగ్గరున్నయ్, సోమవారం వచ్చి తీస్కపో.

డాబా_యాంటెన్నా · శనివారం, 9:05

ఒప్పుకుంది. వడియాలు మే నెలాఖరు దాకా, ఆ తర్వాత డాబా నాది. ఈలోగా తీగ మెట్ల గది గోడకి కడుతున్నా.

నల్లకుంట_నరేష్ · శనివారం, 9:12

గోడలో ఇనుప కడ్డీలుంటే డైపోల్ ట్యూనింగ్ పోతుంది, రెండు మీటర్లన్నా దూరం పెట్టండి.